సుల్తాను ఖానుకు గ్రాండుమాస్టరు బిరుదము

2024 సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఫిడే యను అంతర్జాతీయ చదరంగ సమాఖ్య యధ్యక్షుడు అర్కాడీ ద్వోర్కోవిచ్ ఇస్లామాబాదునకు వచ్చి, పాకిస్థానపు ఆపద్ధర్మ ప్రధానమంత్రి చేతికి ఒక గౌరవపత్రము నందించెను. మీర్ సుల్తాను ఖానునకు గౌరవ గ్రాండుమాస్టరు బిరుదము నొసగితి మనుట దాని సారాంశము. బిరుదము పొందినవాడు 1966 ఏప్రిల్ 25వ తేదీననే సర్గోధాలో క్షయవ్యాధిచే మరణించెను. 57 ఏండ్లకు పైగా గడచిన పిమ్మట వచ్చిన యీ సన్మానమును జూచి సంతోషింపవలయునా, సిగ్గుపడవలయునా యని చదరంగాభిమానులు కొందరైనను యోచించియుందురు. మేము సంతోషించుచునే యున్నాము. వాది గతించిన తరువాత తీర్పు వచ్చుట మన న్యాయస్థానములలో వింత కాదు; అట్టి తీర్పును వారసులకు కొంత ఉపశాంతి నిచ్చును. అయినను తీర్పు చేతికి వచ్చినపుడు అసలు వ్యాజ్యమేమో ఒకసారి చదువుకొనుట మంచిది. ఈ వ్యాజ్యములో ప్రతివాదు లెవ్వరో తేల్చుకొనుట ఇంకను మంచిది. వారిలో మన పేరుకూడ ఉండునేమో!

సుల్తాను ఖాను పంజాబులోని మిఠా తివానా గ్రామమున జన్మించెను. జన్మసంవత్సరము 1903 అని కొందరును 1905 అని కొందరును వ్రాసియున్నారు. తొమ్మిదవ యేట తండ్రి ఆయనకు చదరంగము నేర్పెను. ఇరువదియొక్క యేండ్లు వచ్చునప్పటికి పంజాబమున ఆయనను మించిన ఆటగాడు లేడని ప్రసిద్ధి కలిగెను. ఆ ప్రాంతమున గొప్ప భూస్వామియు, ఆంగ్లప్రభుత్వమునకు పరమవిధేయుడును అగు సర్ ఉమర్ హయత్ ఖాను తివానా ఆయనను తన కొలువులో జేర్చుకొని, పాశ్చాత్యపద్ధతి చదరంగమును నేర్పించెను.

ఈ పద్ధతిభేదమును పాఠకులు గమనింపవలయును. సుల్తాను ఖాను బాల్యమున నేర్చినది మన తాతలు అరుగులమీద గళ్ళు గీసికొని యాడిన దేశీయ చదరంగమే. ప్రాంతమునకొక వాడుక యున్నను, ముఖ్యభేదములు ఇవి. మన యాటలో బంటు మొదటి యెత్తునందును ఒక్క గడియే నడచును. పాశ్చాత్యుల బంటు మొదటిసారి రెండు గళ్ళు పోవచ్చును. వారి రాజు ఏనుగు ప్రక్కకు జరిగి కోట కట్టుకొనును. మన రాజునకు కోట లేదు, షహా తగులకమునుపు ఒకేయొక పర్యాయము గుఱ్ఱపు దుముకు దుముకుటకు మాత్రము సెలవు గలదు. కొనగడి చేరిన బంటు వారి యాటలో మంత్రి కావచ్చును. మన యాటలో ఏ పావు వరుసలో చేరునో సాధారణముగా ఆ పావు మాత్రమే యగును. చూచుటకివి స్వల్పభేదములే. కాని వీనివలన ఆట స్వభావమే మాఱిపోవును. మన చదరంగమున సేనలు మెల్లమెల్లగా గదలును. ఎదురుపడుటకు ముందే చాల యెత్తులు గడచును. తొందరపడినవాడు చెడును. పాశ్చాత్యుల ఆటలో మూడవ నాల్గవ యెత్తునుండియే కొట్లాట మొదలగును గనుక, ఆరంభపుటెత్తులను గూర్చి వారు శతాబ్దములుగా గ్రంథములు వ్రాసికొని, వల్లెవేసికొని, తరతరములకు అందించుకొనుచుండిరి. ఆ గ్రంథసంపద సుల్తాను ఖానునకు లేదు. కావున ఆరంభమున ఆయన తరచుగా వెనుకబడెడివాడు. ఆట నడిమికి వచ్చిన పిమ్మటను, పావులు పలుచబడిన పిమ్మటను, దేశీయ చదరంగము నేర్పిన ఓర్పు ఆయనకు అక్కఱకు వచ్చెడిది. వారు పుస్తకముతో మొదలిడి బుద్ధితో ముగింపవలసియుండగా, ఆయన మొదటినుండియు బుద్ధితోనే నడువవలసి వచ్చెను.

1928లో ఢిల్లీయందు జరిగిన అఖిలభారత పోటీలో ఆయన ఎనిమిది ఆటలు గెలిచి, ఒకటి సమము చేసికొని, ఒక్కటియు ఓడక, విజేత యయ్యెను. మఱుసటి వసంతమున నవాబు ఆయనను లండను గొనిపోయెను. అచ్చట అనుభవముకొఱకు ఏర్పఱచిన చిన్న పోటీలో ఆయన కడపటిస్థానమును మఱియొకరితో పంచుకొనెను. అంతటితో నవ్వి ఊరకుండినచో కథ ముగిసియుండును. కాని విలియం వింటరు, ఫ్రెడరిక్ యేట్సు అను ఇద్దరు ఇంగ్లీషు ఆటగాండ్రు ఆయనకు శిక్షణ నిచ్చిరి. కొన్ని నెలలకే, 1929 వేసవియందు, రాంసుగేటులో ఆయన బ్రిటిషు చదరంగ విజేత యయ్యెను. వింటరు, యేట్సులు చదరంగమున ఆయనకు ప్రత్యర్థులు. ప్రత్యర్థికి విద్య నేర్పిన ఆ యిరువురి ఔదార్యమును మేము మెచ్చుకొనక తప్పదు. ఇంగ్లండుతో మనకు గల తగవు ప్రభుత్వపు తగవు గాని, యిట్టి మనుష్యులతో గాదు.

తరువాతి నాలుగేండ్ల చరిత్ర అంకెలలో చెప్పినను ఆశ్చర్యము గొలుపును. 1930లో లీజు పోటీయందు టార్టకోవరు వెనుక ద్వితీయస్థానము. అదే సంవత్సరము హాంబర్గులో జరిగిన దేశజట్టుల ఒలింపియాడులో ఇంగ్లండు జట్టునకు మొదటి బల్లయందు గూర్చుండి 17 ఆటలలో తొమ్మిది గెలిచి, నాలుగు సమము చేసికొని, నాలుగు ఓడెను. 1931 జనవరిలో ఆ టార్టకోవరుతోనే పండ్రెండాటల ద్వంద్వపోటీ నడపి, నాలుగు గెలిచి మూడోడి ఐదు సమము చేసికొని జయించెను. 1931లో ప్రాగు ఒలింపియాడునందు ఫ్లోరును, మహాపండితుడగు రూబిన్‌స్టైనును ఓడించి, అప్పటి జగజ్జేత అలెఖీనుతో సమముగా నిలిచెను; 17 ఆటలలో ఓడినవి రెండే. 1932లో లండనునందును 1933లో హేస్టింగ్సునందును మరల బ్రిటిషు విజేత యయ్యెను. ఓటములు లేకపోలేదు. ఫ్లోరుతో ఆరాటల ద్వంద్వపోటీలో ఒక్క అంకెతో ఓడెను. ఆ దేశపు చలి ఆయనకు పడలేదు. చలిజ్వరములును పడిసెములును ఆయనను వదలలేదు. మెడకు గుడ్డలు చుట్టుకొని బల్లముందు గూర్చుండుట అనేకులు చూచిరి.

అన్నిటిలోను లోకము మఱువనిది హేస్టింగ్సు ఆట. 1930-31 క్రిస్మసు పోటీలో ఆయన కపాబ్లంకాను ఓడించెను. క్యూబా దేశీయుడగు కపాబ్లంకా 1921 మొదలు 1927 వఱకు జగజ్జేత. సంవత్సరముల తరబడి ఓటమి యెఱుంగక ఆడినవాడు. ఆయనను ఓడించుట యనగా ఒక మెఱుపుదాడితో చిక్కించుకొనుట యని పాఠకులు తలంతురేమో. అట్లు కాదు. 65 ఎత్తుల ఆట యది. మెల్లగా గొంతు బిగించినట్లు, ఒక్కొక్క గడి ఆక్రమించుకొనుచు, ఎదుటివానికి కదలుటకు చోటు లేకుండ జేసి గెలిచిన ఆట. పాశ్చాత్యుల పుస్తకములు చదువని పంజాబువాడు కపాబ్లంకా విద్యతోనే కపాబ్లంకాను గెలిచెను. ఓడినవాడే తరువాత ఆయన ప్రతిభను అసాధారణమని పొగడుట కపాబ్లంకాకును గౌరవము దెచ్చిన సంగతి.

ఆ దినములలో లండనునందు మఱియొక బల్ల చుట్టును కొందరు గూర్చుండియుండిరి. 1930 నవంబరు 12న మొదలైన మొదటి రౌండుటేబిలు సభ 1931 జనవరి 19 వఱకు జరిగెను. జాతీయ కాంగ్రెసు నాయకులు కారాగారములలో నుండగా, ప్రభుత్వము తానెన్నుకొన్న భారతీయులతో భారతదేశ భవిష్యత్తును చర్చించుచుండెను. స్వయముగా పాలించుకొను శక్తి మనకు గలదా యని దొరలు ఆ బల్లముందు సందేహించుచుండిన కాలముననే, వారి దేశజట్టునకు మొదటి స్థానమున గూర్చుండదగినవాడు మనవాడే యని హాంబర్గు, హేస్టింగ్సులలోని బల్లలు చెప్పుచుండెను. దీనినుండి పెద్ద రాజకీయసిద్ధాంతము లాగుట మా యభిమతము గాదు. చదరంగమువలన స్వరాజ్యము రాదు. కాని ఇంగ్లండునకు విజయము తెచ్చినంతకాలము ఆయనను తమవానిగా చెప్పుకొని, ఆయన దేశమువారిని బాలురుగా నెంచిన ఆ మనస్తత్త్వమును గుర్తింపక పోలేము.

ఆ మనస్తత్త్వమే ఆయనను 'ప్రకృతి విచిత్ర' మనియు, చదువురాని సేవకుని తలలో దైవము పెట్టిన వింతయనియు వర్ణించినది. నేటికిని ఆ వర్ణన పోలేదు. ఇందులో పొగడ్త యున్నట్లే కనబడును గాని, లోపల అవమాన మున్నది. వింత యనగా కారణము లేనిది. సుల్తాను ఖాను విద్యకు కారణమున్నది. తొమ్మిదవ యేటినుండి తండ్రియొద్ద జేసిన అభ్యాసము, శతాబ్దములుగా ఈ దేశమున పెరిగిన ఒక ఆటసంప్రదాయము, పంజాబు గ్రామములలో ఆయనతో గూర్చుండి ఆడిన పేరులేని ఆటగాండ్రు, ఇవి కారణములు. వారిని మఱచి ఆయనను ఆకాశమునుండి ఊడిపడినవానిగా జెప్పుట, ఆ దేశీయవిద్యను మొత్తముగా కొట్టివేయుటయే.

ఇక వ్యాజ్యములో చిక్కైన భాగమునకు వత్తము. 1933లో ఫోక్‌స్టను ఒలింపియాడు జరిగిన పిమ్మట అమెరికా జట్టువారిని నవాబు లండనులోని తన యింటికి విందునకు పిలిచెను. ఆ జట్టులోని రూబెన్ ఫైను తరువాత వ్రాసిన ప్రకారము, ఆ విందులో వడ్డనచేసినవాడు సుల్తాను ఖానే. తమ సరిసమానుడగు మహాయోధుడు తమకు వడ్డించుచుండగా భుజింపవలసి వచ్చెనని ఫైను సంకోచముతో వ్రాసెను. 2020లో డేనియల్ కింగ్ ప్రకటించిన జీవితచరిత్ర పేరులోనే 'సేవకుడు' అను మాట యున్నది. దీనిమీద సుల్తాను ఖాను వంశీయులు అభ్యంతరము దెలిపిరి. తమ పెద్దలు పీరుల వంశమునకు జెందిన భూస్వాములనియు, ఆయన నవాబునకు ఊడిగము చేసినవాడు కాడనియు, నిరక్షరాస్యుడును కాడనియు వారి వాదము.

ఈ రెండు సాక్ష్యములలో దేనిని నమ్మవలయును? ఫైను కంటితో జూచినవాడు. అబద్ధమాడుటకు ప్రయోజనము లేదు. కాని అతడు పరదేశి. పెద్దయింటికి అతిథులు వచ్చినపుడు ఇంటిలోని చిన్నవారును, ఆశ్రితులును, బంధువులును స్వయముగా వడ్డించుట మన దేశమున మర్యాదయే గాని దాస్యము గాదని అతనికి తెలిసియుండదు. వంశీయులు కుటుంబపు సంగతు లెఱిగినవారు. కాని తమ పెద్దల గౌరవమును గాపాడుకొనవలెనను పక్షపాతము వారికి సహజము. పూర్వపక్షసిద్ధాంతములు రెండును విన్న పిమ్మట మాకు దోచున దేమనగా, ఆయన సేవకుడా కాడా యనునది ఈ వ్యాజ్యములో ముఖ్యాంశమే కాదు. ఇరుపక్షములును కాదనని సంగతి యొకటి గలదు. నవాబు లండనునం దున్నంతకాలము ఆయన యూరపునందు ఆడెను. 1933 డిసెంబరులో నవాబు స్వదేశమునకు మరలగా ఆయనయు మరలెను. అంతటితో ఆయన పాశ్చాత్యరంగమును మరల చూడలేదు. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్ల వయస్సు. చదరంగమున పురుషుడు పరిపక్వమునకు వచ్చు వయస్సది. 1935లో ఖాడిల్కరుతో పదియాటలు ఆడి తొమ్మిది గెలిచి ఒకటి సమము చేసికొనెను. ఆ పిమ్మట పెద్ద పోటీలలో ఆయన పేరు వినబడలేదు. మొదటి ఆటకును చివరి ఆటకును నడుమ గడచినవి అయిదేండ్లకు లోపు. ఆ యైదేండ్లలోను నడుమ కొంతకాలము ఆయన హిందూదేశముననే యుండెను.

అదే కొలువులో నుండిన ఫాతిమా యను యువతి కథయు ఇట్టిదే. 1933లో హేస్టింగ్సునందు బ్రిటిషు స్త్రీల పోటీలో పదకొండాటలలో పది గెలిచి, ఒకటి సమము చేసికొని, రెండవవారికంటె మూడంకెలు మించి విజేత్రి యయ్యెను. నవాబుతో తిరిగివచ్చెను. అంతటితో సరి. ఆమెనుగూర్చి వ్రాయుటకు మాకు ఇంతకు మించి లేకపోవుటయే ఆమెకు జరిగిన అన్యాయమునకు నిదర్శనము.

నవాబును నిందించి చేతులు దులుపుకొనుట సులభము. మేమట్లు చేయము. ఆయన రాజకీయములు మాకు సరిపడవు; ఆయన లేనిచో సుల్తాను ఖాను మిఠా తివానా దాటియుండడు, లోకమునకు హేస్టింగ్సు ఆట దక్కియుండదు. ఓడకూలి యిచ్చినవాడాయన, గురువులను గుదిర్చినవాడాయన, చలిదేశమున కూడు పెట్టినవాడాయన. తప్పు ఆ మనుష్యునిది కాదు, ఆ యేర్పాటుది. ఒకని విద్య మఱియొకని సరదాపై నిలిచియున్నపుడు, సరదా తీఱిననాడు విద్యయు ముగియును. దాత యెంత మంచివాడైనను ఇది తప్పదు. పూర్వము సంస్థానములలో మన కవులును, గాయకులును, నర్తకులును అనుభవించిన దిదియే గదా!

మఱియొక సాక్ష్యమును దాచుట న్యాయము కాదు. స్వదేశమునకు వచ్చిన పిమ్మట సుల్తాను ఖాను చెఱనుండి విడుదలైనట్లు సంతోషించెనని ఫాతిమా తరువాత చెప్పినట్లున్నది. అయినచో ఆయన మానుకొనుటకు మనము విచారింపనేల యని యడుగువారుందురు. ప్రశ్న సమంజసమైనదే. చలి, జ్వరము, పరాయిభాష, తనకు ఇష్టమైనను కాకున్నను పిలిచినప్పుడెల్ల ఆడవలసిన స్థితి, వీనినుండి విడివడుట ఆయనకు స్వేచ్ఛయే యని మేమును ఒప్పుకొందుము. కాని తాను గోరినపుడు ఆడుటకును, గోరనపుడు మానుటకును సమానమైన యధికార మున్నప్పుడే స్వేచ్ఛ యనదగును. ఆయనకు లండనునందు మానుటకు అధికారము లేకపోయెను. సర్గోధాలో ఆడుటకు సాధనము లేకపోయెను. రెంటిలో ఒకటి తీఱినదని ఆనందించినవానిని జూచి, రెండవది ఆయనకు అక్కఱలేదని మనము తీర్పు చెప్పరాదు.

1950లో ఫిడే మొదటిసారిగా గ్రాండుమాస్టరు బిరుదములను ప్రకటించెను. 27 మంది పేర్లు ఆ పట్టికలో నుండెను. అప్పటికి ఆడుచున్నవారికే గాక, పూర్వకాలపు కీర్తినిబట్టియు బిరుదము లిచ్చిరి. రూబిన్‌స్టైను ఆట మానుకొని చాల యేండ్లైనను ఆయనకు వచ్చెను. 1914 తరువాత పెద్ద పోటీలలో దిగని దురాసునకు వచ్చెను. టార్టకోవరునకు వచ్చెను. వీరిలో ఇద్దరిని ఓడించిన సుల్తాను ఖానునకు రాలేదు. అప్పటికి ఆయన జీవించియే యుండెను. మఱి పదునాఱేండ్లు జీవించెను. ఆయన తరపున అడిగినవా రెవ్వరు? ఇంగ్లండువారికి ఆయన తమవాడు కాడు. పాకిస్థానము అప్పుడే పుట్టిన రాజ్యము. మన దేశమున అఖిలభారత చదరంగ సమాఖ్య 1951లో గాని యేర్పడలేదు. దేశవిభజనకు పూర్వము ఆయన మన విజేత. విభజన తరువాత మన వాడు కాడని మనమును ఊరకుండితిమి. 2024లో బిరుదము పాకిస్థానమునకు వెళ్లినదని మన దేశమున కొందరు చిన్నబుచ్చుకొనుట మేము వింటిమి. డెబ్బదియేండ్లు అడుగని సొత్తునకు ఇప్పుడు హక్కు చెప్పుటకు కాలపరిమితి చట్టము అడ్డువచ్చును!

సుల్తాను ఖాను సర్గోధా ప్రాంతమున వ్యవసాయము చేసికొని, సంసారము నడపుకొనెను. తన బిడ్డలకు మాత్రము చదరంగము నేర్పుటకు ఒప్పుకొనలేదు. జీవితమున ఇంతకంటె ఉపయోగమైన పని చూచుకొనుడని వారితో చెప్పెనట. కపాబ్లంకాను గెలిచినవాడు తన కుమారులతో నన్న మాట యిది. ఈ మాట యే మాత్రము పాతబడలేదు. ఏ పట్టణమునకైనను పోయి, చదరంగమున ప్రతిభ జూపు పిల్లవాని తండ్రిని పలుకరించినచో, ఆయన మనస్సున తిరుగుచున్నది ఈ మాటయే.

ఇక మన యింటి సంగతి. స్వతంత్రభారతమున మొదటి జాతీయ చదరంగ పోటీ 1955లో ఏ ఢిల్లీలోనో బొంబాయిలోనో గాక, మన ఏలూరులో జరిగెనని ఎందఱు ఆంధ్రులెఱుగుదురు? ఆంధ్ర చదరంగ సంఘమువారు దానిని నడిపిరి. బొంబాయి పక్షమున రామచంద్ర సప్రేయు, మన డి. వెంకయ్యయు సమముగా నిలిచి జాతీయ విజేత లైరి. ఏ నవాబు ప్రాపునను గాక, ఒక సంఘము పిలువగా పోయి, నియమావళి ప్రకారము ఆడి, తన పేరుమీద తాను విజేతయగుట మన ఆటగానికి అప్పటినుండియే సాధ్యమయ్యెను. తరువాత మాన్యుయెల్ ఆరను 1959 మొదలు 1981 వఱకు తొమ్మిదిసార్లు జాతీయ విజేత యయ్యెను. 1961లో అంతర్జాతీయ మాస్టరు బిరుదము పొందిన మొదటి భారతీయుడాయనయే. 1972లో మద్రాసునందలి సోవియటు సాంస్కృతిక కేంద్రమున ఆయన నెలకొల్పిన చదరంగశాలలో ఆడి పెరిగిన బాలుడే విశ్వనాథన్ ఆనందు. ఆనందు 1988లో మన దేశమున మొదటి గ్రాండుమాస్టరు అయ్యెను. సుల్తాను ఖాను విజయములకును ఆనందు బిరుదమునకును నడుమ అర్ధశతాబ్దమునకు పైబడిన ఖాళీ! ప్రతిభ లేక ఏర్పడిన ఖాళీ యని మేము నమ్మము.

ఈ ఖాళీని తెలుగువారు తమవంతుగా పూడ్చినారు. గుంటూరునకు జెందిన పెండ్యాల హరికృష్ణ 2001లోను, కోనేరు హంపి 2002లో పదునైదవ యేటను గ్రాండుమాస్టరులైరి. ద్రోణవల్లి హారిక 2011లో ఆ బిరుదము పొందెను. హంపి 2019లోను మరల 2024లోను రాపిడు చదరంగమున స్త్రీల జగజ్జేత్రి యయ్యెను. ఓరుగల్లువాడగు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగు ముట్టెను. అదే సంవత్సరము బుడాపెస్టు ఒలింపియాడులో మన దేశము రెండు విభాగములందును స్వర్ణపతకములు గెలువగా, అర్జునుడు, హరికృష్ణ, హారిక ఆ జట్టులలో నుండిరి. ఇంగ్లండు జట్టులో మొదటి బల్ల ముందు కూర్చున్న సుల్తాను ఖాను ఇది చూచియుండిన బాగుండునుగదా యనిపించును.

అయినను నవాబు పోయెనా? మా యభిప్రాయమున ఆయన పోలేదు. తండ్రి రూపమున మరల వచ్చెను. హంపికి శిక్షణ నిచ్చుటకు తండ్రి కళాశాలలో ఉపాధ్యాయత్వమును వదలుకొనెను. 2024లో జగజ్జేత యైన చెన్నపురి బాలుడు గుకేశునకై తండ్రి తన శస్త్రవైద్యవృత్తిని ప్రక్కన బెట్టి దేశదేశములు వెంట తిరిగెను. మిత్రులు చేయూత నిచ్చిరి. వీరి త్యాగములు ఫలించినవి గనుక పత్రికల కెక్కినవి. ఫలింపనివారి సంగతి యేమి? గ్రాండుమాస్టరు కావలయునన్న 2500 రేటింగు చేరుటయే గాక, మూడు పోటీలలో నియమిత ప్రమాణమును అందుకొనవలయును. ఆ ప్రమాణమునకు గ్రాండుమాస్టరులతోను, పరదేశపు ఆటగాండ్రతోను ఆడుట అవసరము. కావున గుంటూరు పిల్లవాడు, ఓరుగల్లు పిల్లది హంగరీకో సెర్బియాకో స్పెయినుకో పోవలసివచ్చును. దారిబత్తెములు, బసవెచ్చములు, ప్రవేశరుసుములు, గురుదక్షిణలు అన్నియు తండ్రి భరింపవలసినవే. సంపన్నుడు భరించును. మధ్యతరగతివాడు స్థలమమ్ముకొనును. అంతకు తక్కువవాడు సుల్తాను ఖాను బిడ్డలతో జెప్పిన మాట చెప్పి బల్ల మూసివేయును. నవాబైనను ఒక బీదగ్రామపు యువకుని వెదకి పట్టుకొనెను. నేటి యేర్పాటులో ఆ వెదకువారును లేరు.

రైలుశాఖవారును, పెట్రోలియము సంస్థలవారును ఆటగాండ్రకు ఉద్యోగము లిచ్చుచున్నారు. మంచి పని. కాని ఉద్యోగము విజయము తరువాత వచ్చునది. గెలిచి వచ్చినవానికి గుఱ్ఱమునిచ్చుట సన్మానమగును. అవసరము యుద్ధమునకు పోవునప్పుడు గదా! జగజ్జేతలకు ప్రభుత్వములు కోట్లు ప్రకటించుటను మేము తప్పుపట్టము. అందులో కొంత భాగమును జిల్లాలలో పదునాలుగు పదునైదేండ్ల పిల్లల ప్రయాణవ్యయములకు కేటాయించినచో, ఇంకను నాలుగు బల్లలు నిండును. అంతకంటె ముఖ్యము, పరదేశపు గ్రాండుమాస్టరులను ఇక్కడికే పిలిపించి, ప్రమాణపు పోటీలను మన పట్టణములలోనే నడుపుట. ఒక పిల్లవాడు యూరపునకు పోవు వెచ్చముతో పదిమంది పిల్లలు విజయవాడలోనో ఏలూరులోనో అదే పోటీ ఆడగలరు.

పఠనమందిరముల నడుపు పెద్దలకు మా మనవి యొకటి గలదు. పత్రికల బల్ల ప్రక్కన ఒక చదరంగపు బల్ల వేయుటకు ఖర్చు స్వల్పము. సాయంకాలము రెండుగంటలు పిల్లలకు దానిని వదలుటకు మాత్రము పెద్దలు లేచి చోటీయవలయును. 1955 నాటి పోటీకి ఆతిథ్యమిచ్చిన ఏలూరు పట్టణము ఈ పనికి మొదలిడుట యుచితము. ఏటేట అచ్చట ఒక పోటీ యేర్పఱచి, బిరుదములు లేని ఆటగాండ్రకు దారిఖర్చు లిచ్చి పిలిపించి, వెంకయ్య, సప్రేల పేరున నడుపవచ్చును. విరాళము లీయగల వర్తకులు ఆ యూరిలో లేకపోలేదు. ప్రవేశరుసుము పెట్టక నడుపుదురేని, ఆ వార్తను మా పత్రికలో మొదటిపుటయందు ప్రకటింతుము.